తొమ్మిది గంటల పిలుపు

2023వ సంవత్సరం. ఐప్పసి నెల, అంటే తమిళుల లెక్కలో అక్టోబరు, నవంబరు, వానలు పట్టిన రోజులు. తిరువళ్ళూరు బజారులో మందుల అంగడికీ పాత్రల అంగడికీ నడుమ ఆరడుగుల వెడల్పు అంగడి నాది. బయట బోర్డు మీద ఇంకా మా ఆయన పేరే ఉంది. ఆయన రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. పోయి పదహారేళ్ళయింది. కొత్త బోర్డు రాయించడం దండగని అలాగే ఉంచాను.

నేను చదివింది ఐదో తరగతి, తిరుత్తణి పక్కన మా నేత వీధిలోని తెలుగు బడిలో. ఆ తర్వాత కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే నూలు చుట్ట. చేయి ఆగకూడదు, నూలు తెగకూడదు, వరస మీద వరస ఎక్కకూడదు. పెళ్ళయి వచ్చాక మా ఆయన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలేక తిప్పలు పడుతుంటే చూడలేక, ఇటు తెమ్మన్నాను. నూలుకు బదులు రాగి తీగ, అంతే. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో హ్యామ్‌లు కొందరు. అమెచ్యూర్ రేడియో చేసేవాళ్ళను అలా అంటారు. పరీక్ష రాసి లైసెన్సు తీసుకొని, ఇంటిమీద తీగ కట్టుకొని, ఊరూరి వాళ్ళతో మాట్లాడుకుంటారు. నాకు లైసెన్సు లేదు. వాళ్ళకు కావలసిన కాయిళ్ళు, ఫిల్టర్లు, బాలన్లు చుట్టి ఇస్తాను. బాలన్ అంటే మిద్దె మీది ఏరియల్ తీగకూ కిందికి దిగే కేబుల్‌కూ నడుమ కట్టే చుట్ట. దానికి ఫెరైట్ రింగు కావాలి. నల్లగా, గారె ఆకారంలో ఉంటుంది. కొత్త రింగులు చెన్నైకి పోయి కొనాలి. నేను మాత్రం పాత పవర్ సప్లై పెట్టెల్లోంచి ఊడదీసినవే వాడతాను. పనికొచ్చే వస్తువును పారేయడం నా చేత కాదు.

చుట్టిన ఫిల్టరు సరిగ్గా వచ్చిందా లేదా చూసుకోవడానికి ఒక యూఎస్‌బీ స్పెక్ట్రమ్ ఎనలైజర్ కొన్నాను. పెద్ద ల్యాబుల్లో ఉండే రకానికి నా అంగడి అమ్మినా చాలదు. ఇది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఫోనుకు తగిలిస్తే తెరమీద గీత పారుతుంది. ఎడమనుంచి కుడికి ఫ్రీక్వెన్సీ, కిందినుంచి పైకి బలం. ఏమీ లేనిచోట గీత అడుగున గడ్డిలా కదులుతుంటుంది. స్టేషన్ ఉన్నచోట మొలకలా లేస్తుంది. చవక సరుకు కాబట్టి దీనికి కొన్ని జబ్బులున్నాయి. దగ్గర్లో బలమైన స్టేషన్ ఉంటే బెదిరిపోయి లేని మొలకలు చూపిస్తుంది. అటెన్యుయేటర్ అని బలం తగ్గించే చిన్న బిళ్ళ ఉంటుంది, దాన్ని ముందు పెట్టి చూడాలి. నిజమైన మొలక బిళ్ళ తగ్గించినంతే తగ్గుతుంది. దొంగ మొలక ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇంకో జబ్బు ఉందని తెలుసుకునేటప్పటికి ఒక మనిషికి తీరని నష్టం చేశాను. ఆ మనిషి సామ్యేలు అయ్య.

ఆయన రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనవాడు. తిరుత్తణిలో మా పుట్టింటి నేత వీధికి వెనక వీధిలో ఉంటాడు. షుగరుతో రెండు కళ్ళూ పోయి పదేళ్ళు. కళ్ళున్నప్పుడు సొంతంగా కట్టుకున్న వాల్వు సెట్టు ఆయనది. మాట పోదు దానిలో, మోర్స్ కీ ఒక్కటే, టిక్కు టక్కు అని కొట్టేది. ఆ సెట్టు ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు నేనే చుట్టాను. ఐప్పసి చివర్లో ఒక బాలన్ కూడా ఇచ్చాను. ఆయన వేళ్ళతో తడిమి, “చుట్టు మీద చుట్టు ఎక్కలేదే, అమ్మా! నీ చెయ్యి మగ్గం చెయ్యి” అని మెచ్చుకున్నాడు.

ఆయనకు ఒక స్నేహితుడు. తుని పక్కన పల్లెలో ఉండే గవర్రాజు గారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు కారు. రోజూ పొద్దున తొమ్మిదికి ఏడు మెగాహెర్ట్జ్ మీద కలిసేవాళ్ళు. గవర్రాజు గారికి గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆయన మాట్లాడలేడు. ఈయన చూడలేడు. ఫోను ఇద్దరి మధ్యా పనికిరాని వస్తువు. ఈయన మాటలాడితే ఆయన జవాబు చెప్పలేడు, ఆయన రాసి పంపితే ఈయన చదవలేడు. టిక్కు టక్కు ఒక్కటే ఇద్దరికీ సరిపోయింది. కోడలు రెబెకా వాట్సాప్‌లో వచ్చింది చదివి వినిపిస్తానందట. “నువ్వు చదివితే అది నీ గొంతమ్మా. వాని చెయ్యి నాకు తెలుసు. ‘బాగుండా’ అని కొట్టేదాంట్లోనే బాగున్నాడో లేదో తెలుస్తాది” అన్నాడట ఆయన. ఆ తర్వాత గవర్రాజు గారి నంబరు కూడా మారిపోయింది. ఎప్పుడో ఆయన పోస్టులో పంపిన పాత కార్డు మీద అడ్రసు మాత్రం మిగిలింది.

కార్తీక మాసం చివర ఒక పొద్దున రెబెకా ఫోను చేసింది. “అమ్మా, మా మామయ్య మూడు వారాలుగా సరిగ్గా తినలేదు. రేడియోలో ఒకే గోల. మీరొచ్చి చూస్తారా?”

తిరుత్తణి లోకల్ పట్టుకొని పోయాను. సెట్టు పెట్టగానే గర్రుమని ఒకటే మోత. పిండి మర పక్కన నిలబడినట్టుంది. ఎనలైజరు తగిలించి చూస్తే, అడుగున ఉండాల్సిన గడ్డి నడుముదాకా లేచి ఉంది. దానిమీద దువ్వెన పళ్ళలాగా సమదూరంలో మొలకలు. ఆ ఎత్తుకింద గవర్రాజు గారి అయిదు వాట్ల సిగ్నల్ ఎక్కడని కనిపిస్తుంది?

ఆ మోతలోనే సామ్యేలు అయ్య కీ మీద చెయ్యి పెట్టి తొమ్మిదికి పిలిచాడు. పిలిచి, తల పక్కకు వంచి విన్నాడు. మళ్ళీ పిలిచాడు.

“ఏమయ్యా, ఆయన పలికేది నీకు వినపడతా ఉందా?” అన్నాను.

“లేదు.”

“వినపడనప్పుడు ఎందుకు కొట్టేది?”

“వాడు వింటా ఉంటాడమ్మా.”

“ఈ గోలలో నీకే వినపడంది, అంత దూరంలో ఆయనకు యాడ వినపడతాది? సుమ్మా, ఊరికే, వాల్వు కాలిపోతాది. ఆ వాల్వు పోతే ఇంకోటి నాకు దొరకదు. నేను సరిచేసేదాకా కట్టేసి పెట్టు. పది రోజులు.”

“పది రోజులా?”

“పది రోజులంటే పది రోజులే. నా మాట మీద నమ్మకం లేదా?”

ఆయన కాసేపు కీ మీద వేలు తీయలేదు. తర్వాత తీశాడు. “నీ మాట మీదనే గదమ్మా ఈ సెట్టు ఇన్నేళ్ళు నడస్తా ఉండేది” అని స్విచ్చు తడుముకొని కట్టేశాడు. పది రోజులే గదా అని తునికి ఉత్తరం వేయించే సంగతి కూడా ఎవరికీ తోచలేదు.

నేను తీగ చుట్టేదాన్ని. కీ పట్టినదాన్ని కాదు. అయినా ఆ పొద్దు ఆ ఇంట్లో తెలిసినదానిలాగా తీర్పు చెప్పాను. గోల ఎవరి ఇంటి దగ్గర ఉంటే వాళ్ళ చెవినే మూస్తుంది. వాళ్ళ పిలుపును మూయదు. తునిలో గోల లేదు. ఈ సంగతి సామ్యేలు అయ్యకు తెలుసు, చెప్పాడు కూడా. నేను వినలేదు. కళ్ళులేని మనిషి, సెట్టు పాడైతే నేను తప్ప దిక్కులేని మనిషి, ఎదురు చెప్పలేకపోయాడు.

వెతకడం మొదలుపెట్టాను. ఇటువంటి వెతుకులాటకు లూపు ఏరియల్ కావాలి. పాత సైకిల్ రిమ్ముకు తీగ చుట్టి చేసుకున్నాను. దాన్ని ఎనలైజరుకు, ఎనలైజరును ఫోనుకు తగిలించుకొని వీధుల్లో నడవడం. మొలకలు ఎక్కడ ఎత్తు పెరిగితే గోల ఆ వైపున ఉన్నట్టు. ముందు రైలు కట్ట మీద అనుమానం. పైన అంత కరెంటు తీగ పోతుంది గదా, ఏదో పింగాణీ పగిలి నిప్పురవ్వలు కొడుతోందనుకున్నాను. వారానికి మూడు రోజులు లోకల్ ఎక్కి పోవడం, కట్ట పక్కన కంచె వెంబడి నడవడం. ఎక్కడికి పోయినా మొలకలు ఒకే ఎత్తు. స్టేషను దగ్గర అంతే. చెరకు తోటల దగ్గర అంతే. ఇళ్ళే లేని చోట కూడా అంతే.

“దేశమంతా పాడైపోయినట్టుండాది” అన్నాను రెబెకాతో.

“అంత పెద్ద గోలా, అమ్మా? మా ఇంటి టీవీ బాగానే ఉండాదే” అంది ఆ పిల్ల.

పది రోజులు దాటాయి. ఇరవై దాటాయి. పోయినప్పుడల్లా సామ్యేలు అయ్య సెట్టు ముందు కుర్చీలోనే ఉండేవాడు. సెట్టు కట్టేసి ఉండేది. తొమ్మిదికి ఇస్త్రీ చొక్కా వేసుకొని అక్కడ కూర్చునే అలవాటు మాత్రం మానలేదు. “దొరికిందా అమ్మా?” అనేవాడు. “వెతకతా ఉండా అయ్యా” అనేదాన్ని.

ఒకరోజు ఏరు దాటి పొలాల నడుమ నిలబడి ఉండగా తెరమీద దువ్వెన పళ్ళు ఉన్నట్టుండి మాయమయ్యాయి. గడ్డి అడుగుకు దిగిపోయింది. దొరికిందనుకున్నాను. వెనక్కి నడిచాను, లేదు. ముందుకు నడిచాను, లేదు. చూస్తే సంచిలో పవర్ బ్యాంకు అయిపోయింది. ఫోను ఛార్జింగు దిగకుండా చవగ్గా ఒక పవర్ బ్యాంకు కొని, యూఎస్‌బీ హబ్బు మీదుగా ఫోనుకు తగిలించుకొని తిరుగుతున్నాను. దాని లోపలి కన్వర్టరు చేసే మోత ఆ తీగ గుండా ఎనలైజరులోకి వచ్చిపడుతోంది. నెల రోజులుగా నేను మోసుకు తిరుగుతున్న చప్పుడునే నేను వెతుకుతున్నాను. ఇంకో జబ్బని చెప్పానే, అది ఇది. చవక ఎనలైజరుకు కవచం ఉండదు. దాని పక్కన ఏది మోత చేసినా అది దాని మోతే అవుతుంది. ఇది వాడేవాళ్ళు ఫోను బ్యాటరీ మీద మాత్రమే నడపండి. ఏ ఛార్జరూ దగ్గరికి రానీయకండి.

ఆ గట్టుమీదనే కూర్చుండిపోయాను. చీర కుచ్చిళ్ళు బురదలో ఉన్నాయి. లేచి పోయి సామ్యేలు అయ్యకు ముఖం చూపించాలి గదా అనుకున్నాను. ఆయన చూడలేడని అప్పుడు గుర్తొచ్చింది. దానితో కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాతి వారం నెలకొకసారి కరెంటు ఆఫీసువాళ్ళు చేసే షట్‌డౌన్. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రందాకా కరెంటు ఉండదు. ఎనిమిదిన్నరకే ఆయన ఇంట్లో ఎనలైజరు పెట్టుకొని కూర్చున్నాను, ఈసారి ఒట్టి ఫోను బ్యాటరీ మీద. గడ్డి నడుమెత్తున ఉంది, దువ్వెన పళ్ళు ఉన్నాయి. అంటే ఇంటి దగ్గర గోల నిజమే. తొమ్మిదయింది. ఫ్యాను ఆగింది. తెరమీద గీత నేలకు పడిపోయింది, నున్నని గచ్చులాగా.

“అయ్యా, పోయింది! గోల పోయింది!”

ఆయన చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. నొక్కాడు. ఏమీ కాలేదు. వాల్వు సెట్టు, కరెంటు లేకుండా నడవదు. బ్యాటరీ మీద నడిచే చిన్న రిసీవరు ఒకటి కొనుక్కుంటానని రెండేళ్ళ కిందట ఆయన అడిగితే, ఉన్నది బాగానే ఉంది గదా దండగెందుకని ఆపింది నేనే. ఆ నిశ్శబ్దాన్ని నా అగ్గిపెట్టె చూసింది. ఆయన చెవులు వినలేదు.

గోల ఈ వీధులకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు లైనులోనే ఉందని తేలింది. మర్నాడు కరెంటు ఉండగా లూపు పట్టుకొని నడిచాను. పది అడుగులకే మొలకలు పెరగడం మొదలుపెట్టాయి. వెనక వీధినుంచి ముందు వీధికి, అక్కడినుంచి మా పుట్టింటి వరసకు. నా తమ్ముడు మునిరత్నం షెడ్డు గుమ్మంలో నిలబడేటప్పటికి తెర మీద పైకి పోవడానికి చోటు లేదు.

లోపల పవర్‌లూమ్‌లు కొడుతున్నాయి. ఒక్కొక్క మగ్గం నెత్తిన ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టె. చీర అంచులో ఏ పోగు ఎప్పుడు లేవాలో చెప్పేది అదే.

“ఏమిక్కా, సైకిల్ చక్రం పట్టుకొని వచ్చినావు? సర్కస్‌లో చేరినావా?” అన్నాడు మునిరత్నం.

“మగ్గం ఆపు. పెట్టె విప్పాల.”

“పెట్టెకేమి? బ్రహ్మాండంగా నడస్తా ఉండాది. నువ్వు రిపేరు చేసినదే గదక్కా. ఐప్పసిలో పిడుగుపడి వీధి మొత్తం పెట్టెలు పోతే, రెండు గోతాల్లో పద్నాలుగు మోసుకొస్తిమే, మరిచిపోతివా?”

అప్పటికే నా చేయి స్క్రూ డ్రైవరు మీద ఉంది. విప్పాను. సప్లై బోర్డు మొదట్లో, కరెంటు లోపలికి వచ్చే నోటి దగ్గర, చోక్ ఉండాల్సిన చోట రెండు తీగ ముక్కలు. చక్కగా, వంకర లేకుండా, నా చేతి టంకంతో.

పిడుగుకు ఆ పెట్టెల్లో ఫ్యూజులు పోయాయి, కొన్ని డయోడ్లు పోయాయి. నాలుగు పెట్టెల్లో చోక్ చుట్ట కూడా మాడింది. రింగు మాత్రం మాడదు. చోక్ అంటే ఫెరైట్ రింగు మీద రెండు తీగచుట్టలు, పెట్టె లోపల పుట్టే మోతను బయటి తీగల్లోకి పోనివ్వకుండా అక్కడే ఆపేది. పెట్టె నడవడానికి దానితో పనిలేదు. అది లేకపోయినా మగ్గం కొడుతుంది, చీర దిగుతుంది. మాడిన నాలుగింటికి కొత్త చుట్ట ఎందుకని జంపరు తీగ వేశాను. మిగిలిన పదింటిలో చోక్‌లు బాగానే ఉన్నాయి. వాటినీ పీకాను. మంచి రింగులు, ఉత్తగా పడి ఉన్నాయి, బాలన్లకు పనికొస్తాయని. వీధి నిశ్శబ్దాన్ని ఊడదీసి డబ్బాలో వేసుకున్నాను. అందులో ఒకటి బాలన్ అయి సామ్యేలు అయ్య మిద్దె ఎక్కింది. ఆయన తడిమి మెచ్చుకున్నది దాన్నే.

మునిరత్నానికి చెబితే నవ్వాడు. “పెట్టె నడస్తా ఉంటే చాలదా అక్కా? రేడియో ఇప్పుడెవరు వింటారు?”

“ఒకరు వింటారు. నీ వెనక వీధిలోనే ఉండాడు.”

“ముసిలాయన కోసరం పద్నాలుగు మగ్గాలు ఆపమంటావా? పెళ్ళి ఆర్డర్లు ఉండాయి. నువ్వు సుమ్మా ఉండు.”

“నా చేత్తో చేసింది నా చేత్తో సరిచేస్తాను. ఆపకపోతే నేను మగ్గం కింద పడుకుంటాను. నీ పెళ్ళి ఆర్డరు నా మీద నేయి.”

నా సంగతి వాడికి తెలుసు. వీధిలో మగ్గాలవాళ్ళు ఒక్కొక్కరూ అన్నం తినే గంటలో ఒక పెట్టె చొప్పున ఇచ్చారు. రింగులు తిరిగి చుట్టి, జంపర్లు తీసి, చోక్‌లు వేయడానికి పదకొండు రోజులు పట్టింది. పద్నాలుగో పెట్టెకు రింగు తక్కువైంది, అది మిద్దె మీద ఉంది గదా. చెన్నైకి పోయి కొత్తది కొన్నాను. ఒక్కొక్క పెట్టె పూర్తయ్యేకొద్దీ తెరమీద గడ్డి ఒక్కొక్క వేలెడు దిగింది.

సామ్యేలు అయ్యకు దాచకుండా చెప్పాను. ఆయన మొదట నవ్వాడు కూడా. “నా నెత్తిన కూడా నీ రింగే పెట్టినావే! పోనీలేమ్మా. రేపటినుంచి కొట్టచ్చా?”

“కొట్టయ్యా.”

మర్నాడు తొమ్మిదికి నేనూ ఉన్నాను. సెట్టులో సన్నని సముద్రపు హోరు తప్ప ఏమీ లేదు. ఎక్కడో కేరళవైపు ఎవరో, శ్రీలంకవైపు ఎవరో, దోమల రొదంత సన్నగా కూడా వినబడుతున్నారు. ఆయన చొక్కా సర్దుకొని పిలిచాడు. విన్నాడు. పిలిచాడు. గవర్రాజు గారు ఉండే చోట గీత నున్నగా ఉంది. తెరను ఎంత దగ్గరికి లాగి చూసినా నున్నగానే ఉంది.

“ఈరోజు ఊరికి పోయినాడేమో” అన్నాను.

ఆయన మళ్ళీ పిలిచాడు.

ఆరు రోజులు అదే. ఏడోరోజు రెబెకాతో తునికి ఉత్తరం రాయించాడు. ఆ పిల్ల తమిళంలో చదువుకున్నది, ఇంగ్లీషులోనే రాసింది. మూడు వారాలకు పార్సిల్ వచ్చింది. అందులో ఒక నోటుబుక్కు, ఒక ఉత్తరం. రెండూ తెలుగులో ఉన్నాయి. ఆ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు. నన్ను రమ్మన్నారు. నా ఐదో తరగతి దేనికి పనికొచ్చిందంటే దానికి పనికొచ్చింది.

ఉత్తరం గవర్రాజు గారి కూతురిది. “నాన్న పుష్యమాసంలో పోయారు. మీరు అంతకుముందే పోయారని నాన్న మాతో చెప్పారు. మీ పేరుతో ఉత్తరం వచ్చేసరికి మాకు చేతులాడలేదు. నాన్న లాగు పుస్తకం మీకే చెందుతుందని పంపుతున్నాను” అని ఉంది.

హ్యామ్‌లు రోజూ ఎవరితో మాట్లాడింది, ఎంత బాగా వినబడింది లాగు పుస్తకంలో రాసుకుంటారు. ఐప్పసినుంచి చదవమన్నాడు సామ్యేలు అయ్య. వేలు పెట్టుకొని చదివాను.

“తొమ్మిది గంటలు. సామ్యేలు పిలుస్తున్నాడు. బాగా వినిపిస్తున్నాడు. జవాబిచ్చాను. నా మాట అతనికి అందడం లేదు.”

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒకచోట, “పాపం, అక్కడ ఏదో గోల ఉన్నట్టుంది. అయినా మానకుండా పిలుస్తున్నాడు. అతని చెయ్యి బాగుంది, ఆరోగ్యంగానే ఉన్నాడు” అని ఉంది.

“అది మళ్ళీ చదువమ్మా” అన్నాడు. మళ్ళీ చదివాను.

తర్వాత నేను ఆ ఇంటికి పోయిన రోజు దాటింది. “తొమ్మిది గంటలు. సామ్యేలు లేడు.” కింది వరస, “సామ్యేలు లేడు. నేను పిలిచాను.” కింది వరస, “లేడు.” పేజీ తిప్పాను. “లేడు.” ఆ పేజీ అడుగున అక్షరం వణికింది. చివర రాసింది ఇది. “వెళ్ళిపోయినట్టున్నాడు. సెట్టు కట్టేశాను. ఇక తొమ్మిదికి లేచి చేసేదేమీ లేదు.” ఆ రోజుకు పన్నెండో రోజు ఆయన పోయాడని ఉత్తరంలో ఉన్న తేదీని బట్టి లెక్క తేలింది.

“ఆ ‘లేడు’ అనేవి ఎన్ని ఉండాయి?” అన్నాడు.

అబద్ధం చెబుదామనిపించింది. చెప్పలేదు. వరసలు లెక్కపెట్టాను. “ముప్పై ఒకటి అయ్యా.”

ఆయన చెయ్యి కుర్చీ చేతిమీద నిమురుతూ ఉంది. “ముప్పై ఒక్కరోజూ నేను ఈడ్నే కూర్చోని ఉంటినే” అన్నాడు. “చొక్కా వేసుకోని.”

రెబెకా లేచి లోపలికి పోయింది. కట్టేయమన్నది నేనేనని ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను కాళ్ళమీద పడి ఉందును. అనకపోయేసరికి ఏం చేయాలో తెలియక పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూశాను.

“అప్పుడు గోల ఉండేది” అన్నాడాయన. “ఆ గోల వెనకాల వాడుండాడని అనుకుంటా ఉంటిని. ఇప్పుడు నువ్వు శుభ్రం చేసినావు. ఇప్పుడు యాడా దాక్కోను చోటు లేదు వానికి.”

ఆ నెలలోనే మిద్దె మీది తీగ దింపించేశాడు. నేను వద్దన్నాను. దేశంలో ఇంకా ఎందరో ఉన్నారు, మాట్లాడుకోవచ్చు గదా అన్నాను. “ఉండారు” అన్నాడు. అంతే. బాలన్‌ను రెబెకా గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. “ఇది ఏ పెట్టెదో ఆ పెట్టెలో వేసేయమన్నాడమ్మా మామయ్య.” ఆ పెట్టెలో అప్పటికే కొత్త రింగు ఉంది.

ఈ పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఎనలైజరు వాడడం చూపిస్తాను. పవర్ బ్యాంకు సంగతి చెబుతాను, అటెన్యుయేటరు సంగతి చెబుతాను. అవి ఎవరైనా నేర్పగలరు. నేను ఆ కేసులో నేర్చుకున్నది వేరే. సప్లైలో ఒక భాగం లేకపోయినా పెట్టె నడుస్తోందంటే, ఆ భాగం ఇంకెవరి కోసమో పనిచేస్తున్నదన్నమాట. వాళ్ళు మనకు కనబడరు. వచ్చి అడగరు. దాన్ని పీకేసినప్పుడు మిగిలింది మన డబ్బాలోకి వస్తుంది, పోయింది ఏ వెనక వీధిలోనో పోతుంది. ఇంకొకటి. చెవిలో మోత పెట్టుకొని వచ్చినవాళ్ళకు నేనిప్పుడు ముందు చెప్పే మాట, నీకు వినపడకపోయినా కొట్టడం మానొద్దు అని. చెప్పినప్పుడల్లా ఆ మాటను నేను ముందుగా చెప్పవలసింది సామ్యేలు అయ్య ఇంట్లోనని తెలుస్తూనే ఉంటుంది.

బాలన్ మీది రాగి విప్పలేదు. బల్ల సొరుగులో, ఆ గుడ్డలోనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళలో నా అంగట్లో పనికొచ్చేదై ఉండీ, వాడకుండా పడి ఉన్న వస్తువు అదొక్కటే.